మూడంకణాల ఖాళీ

పాఠ్యప్రణాళిక పుస్తకంలో ఆ పాఠానికి సుప్రజ నలభై అయిదు నిమిషాలు రాసుకుంది. పలకరింపుకు అయిదు, దిక్కులు చెప్పడానికి పది, పిల్లలు బొమ్మ గీయడానికి ఇరవై, చివర ప్రశ్నలకు పది. ఉద్యోగంలో చేరి అయిదు వారాలయింది. ఈ అయిదు వారాల్లో ఏ పాఠమూ రాసుకున్న నిమిషాల్లో ముగియలేదు.

మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలు ఇరవై ముగ్గురూ ఒకే గదిలో కూర్చుంటారు. ఒకటీ రెండూ హెడ్మాస్టరు నారాయణ సారు చూసుకుంటాడు. పొద్దున బస్సు దిగగానే ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. పిల్లల హాజరు ఇంకో యాప్‌లో. భోజనానికి ఎంతమంది, గుడ్లు ఎన్ని, మరుగుదొడ్డి కడిగిన ఫొటో. సిగ్నల్ కోసం ప్రహరీ గోడ దగ్గరికి వెళ్లి చేయి పైకెత్తి నిలబడాలి. ఇవన్నీ అయ్యేసరికి మొదటి పీరియడు సగం పోయేది. సాయంత్రం ప్రొద్దుటూరు బస్సులో ఒళ్లో పుస్తకం పెట్టుకుని మర్నాటి ప్రణాళిక రాసేది. ఒక్కో తరగతికి విడిగా తెలుగు, విడిగా లెక్కలు, విడిగా ఇంగ్లీషు, విడిగా పరిసరాలు. కుదుపుకు గీత పక్కకు పోతే కొట్టేసి మళ్లీ రాసేది.

పోయిన వారం నారాయణ సారు ఆ పుస్తకం తిరగేసి చూశాడు. రెండేళ్లలో రిటైరయ్యే మనిషి, గట్టిగా మాట్లాడడు.

"దినానికి పన్నెండు పాఠాలు రాసుకుంటాండావు సుప్రజమ్మా. ఎవురివల్ల అయితాది? ఒక్క పాఠం తీసుకో. దాన్నే మూడు ముక్కలు చెయ్. చిన్నోళ్లు బొమ్మ గీస్తారు, నడిమోళ్లు పేర్లు రాస్తారు, పెద్దోళ్లు దిక్కులూ కొలతలూ చూసుకుంటారు. నీకు ఊపిరి తిరుగుతాది."

అలా మొదటిసారి ప్రయత్నించిన పాఠం 'మన ఊరి పటం'. సోమవారం మూడో పీరియడు.

ఇంతకంటే తేలికైన ఊరు ఇంకోటి ఉండదనుకుంది సుప్రజ. పాత కొండాయపల్లె ఆరేళ్ల కిందట డ్యాము వెనక నీళ్లలో మునిగింది. ఊరివాళ్లకు ఈ ఎర్రమట్టి మిట్ట మీద కాలనీ కట్టారు. నాలుగు వీధులు, స్కేలు పెట్టి గీసినట్టు. వీధికి ముప్పై ఇళ్లు, అన్నీ ఒకే కొలత, ఒకే నీలం తలుపు, తలుపు మీద నంబరు. అయిదు నిమిషాల్లో గీసేస్తారనుకుంది.

పిల్లలు ఇరవై నిమిషాలూ తలెత్తలేదు. గది అంతా పెన్సిళ్ల గరగర తప్ప ఇంకో చప్పుడు లేదు. కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాక సుప్రజ పై కాగితం చూసింది. వంకరటింకర సందులు. రెండు సందులు కలిసేచోట గుండ్రంగా ఒక బావి. మెట్లున్న చర్చి. గానుగ. ఒక ఇంటి ముందు విరిగిన అరుగు. కాలనీలో ఇవేవీ లేవు.

రెండో కాగితం తీసింది. అవే సందులు, అదే బావి. మూడోది, నాలుగోది. చేతులు వేరు, గీతలు వేరు, ఊరు మాత్రం ఒకటే. విరిగిన అరుగు ప్రతి కాగితంలోనూ ఎడమ మూలే విరిగి ఉంది.

"ఎవరి బొమ్మ చూసి గీశారు?" అంది. మూడో తరగతి ఆరాధనను పిలిచి, తన కుర్చీ పక్కన కింద కూర్చోబెట్టి, కొత్త కాగితం ఇచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల. నాలిక కొస పళ్ల మధ్య పెట్టుకుని, ఎక్కడా ఆగకుండా, అదే ఊరు మళ్లీ గీసింది.

"ఇది ఏ ఊరు?"

"మన ఊరే మేడమ్."

"నువ్వు చూసినావా?"

"లేదు మేడమ్." ఆ పిల్ల కిటికీలోంచి మిట్ట కింద మెరుస్తున్న నీళ్లవైపు చూపించింది. "ఆడ ఉండాది గదా."

సాయంత్రం బస్సులో ఇరవై నాలుగు కాగితాలనూ సుప్రజ మళ్లీ చూసింది. అప్పుడు కనబడింది ఖాళీ. చర్చి సందు చివర, పశువుల దొడ్డి అని రాసినదానికి ఇవతల, బొటనవేలంత తెల్లటి చోటు. గీయడం మర్చిపోయిన చోటు కాదది. సందు గీత అక్కడిదాకా వచ్చి ఆగుతుంది. కొంచెం ఎడం వదిలి మళ్లీ మొదలవుతుంది. ఒక పిల్లవాడు సందులో కోడిని గీశాడు, దాని వెనకాల కాలిగుర్తులు కూడా వేశాడు. ఆ గుర్తులు ఆ చోటుదాకా వచ్చి, దాన్ని చుట్టుకుని అవతలికి పోయాయి.

*

"ఇక్కడ ఏముంది?" మంగళవారం పొద్దున సుప్రజ ఒక కాగితం ఎత్తి పట్టుకుని, వేలు ఆ చోట పెట్టి అడిగింది.

"ఏం లేదు మేడమ్." ఇరవై మూడు గొంతులూ ఒకేసారి అన్నాయి, ఎక్కం అప్పజెప్పినట్టు.

ఆమె వేలు పక్కకు జరిపింది. "ఇక్కడ?"

ఈసారి గొంతులు విడిపోయాయి. దొడ్డి అని ఒకరు, ఓబుళేశు తాత దొడ్డి అని ఒకరు, రెండెద్దులు ఉంటాయని ఒకరు. వేలు మళ్లీ వెనక్కి తెచ్చింది. "ఇక్కడ?"

"ఏం లేదు మేడమ్." అదే రాగం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు ఆటస్థలంలో కట్టెపుల్లతో నేల మీద గీతలు గీశారు. ఈ ఆట ఆమె ఇంతకుముందూ చూసింది కానీ తొక్కుడుబిళ్ల అనుకుంది. ఇప్పుడు వరండా స్తంభానికి ఆనుకుని నిలబడి చూసింది. అవి సందులు. పిల్లలు ఒకరి వెనక ఒకరు సందుల్లో నడుస్తున్నారు. ఒకచోట ఆగి, నడుము వంచి, ఉత్త నేలలోకి "ఊ" అని పిలిచి, చెవి పెట్టి విన్నారు. బావి. తర్వాత చర్చి మెట్లు ఎక్కినట్టు మోకాళ్లెత్తారు. సందు చివరికి వచ్చేసరికి మాట్లాడుకుంటున్నవాళ్లు మాటలు ఆపేశారు. ఒక్కొక్కరే ఊపిరి బిగబట్టి, ఒంటికాలి మీద ఎగిరి, ఏమీ లేని ఆ చోటు దాటి అవతల దూకారు. దూకాక మళ్లీ మాటలు మొదలయ్యాయి.

వంటగది గడపలో వంటామె గంటె పట్టుకుని నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, పేరు జీవమ్మ. పొద్దున కట్టెల పొయ్యి దగ్గర కనబడితే సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. పిల్లలు ఆమె దగ్గర పళ్లెం పట్టి అన్నం పెట్టించుకుంటారు కానీ ఆమెను అత్తా అనీ అవ్వా అనీ పిలిచినవాళ్లు లేరు. ఆ సంగతి సుప్రజకు ఇప్పుడే తట్టింది. జీవమ్మ పిల్లల కాళ్లనే చూస్తోంది. చివరి పిల్ల కూడా ఎగిరి దూకాక లోపలికి వెళ్లిపోయింది.

పిల్లలకు ఆ ఊరు చెప్పేది ఆరాధన జేజి, అంటే వాళ్ల నాయనమ్మ అని విని, ఆ సాయంత్రం సుప్రజ నాలుగున్నర బస్సు వదిలేసి, ఆమెను చూడాలని బయల్దేరింది.

"బాయి దాటినాక ఎడమ పక్క మేడమ్," అని ఆరాధన ముందు నడిచింది. రెండో వీధి నిట్టనిలువుగా, బోసిగా ఉంది. బావి లేదు, బావి ఉండే చోటూ లేదు. అయినా ఆ పిల్ల వీధి నడుమ ఒకచోట పక్కకు తప్పుకుని, ఏదో చుట్టూ తిరిగినట్టు తిరిగి, మళ్లీ దారిలోకి వచ్చింది. ఎదురుగా సైకిలు తోసుకొస్తున్న మనిషీ అక్కడ అలాగే ఒదిగి నడిచాడు. తన కాళ్లు కూడా తప్పుకున్నాయని నాలుగడుగులు పోయాక గానీ సుప్రజకు తెలియలేదు.

ఆరాధన జేజి సంతోషమ్మ ఇంటి ముందు చేటలో కొర్రలు చెరుగుతోంది. చుట్టూ ఏడెనిమిది మంది చిన్నపిల్లలు కూర్చుని ఉన్నారు. ఆమె చెరుగుతూనే చెబుతోంది. కథ కాదది.

"గానుగ దాటితే లింగన్న ఇల్లు. అరుగు ఎడమ మూల ఇరిగింటాది, బండి తగిలి. దాని పక్కన మా ఇల్లు. ఎదురుగ్గా చర్చి, ఆరు మెట్లు. ఆ సందునే పోతే..." ఇక్కడ ఆమె చేట ఆగింది. ఊపిరి తీసుకుంది. "ఆ తర్వాత ఓబుళేశు దొడ్డి."

పిల్లలు పెదవులు కదిపి ఆమెతోపాటే అన్నారు. ఊపిరి కూడా ఆమెతోపాటే తీసుకున్నారు.

"రోజూ చెబుతారా అవ్వా?" అంది సుప్రజ.

"చెప్పకుంటే యాడ తెలుస్తాది టీచరమ్మా ఈళ్లకు? ఆడ సందుకు ఒక వరసోళ్లం ఉంటిమి. ఈడ చీటీలేసి ఇండ్లిచ్చినారు. ఎవురు యాడున్నారో ఇప్పటికీ దోవ తెలీదు. పాత ఊరు పట్టుకొని తిరుగుతాండాం."

"సందు చివర, దొడ్డికి ముందు, ఏముండేది?"

సంతోషమ్మ చేట ఎత్తి కొర్రలు ఎగరేసింది. పొట్టు గాలికి లేచి సుప్రజ చీర మీద పడింది.

"ఏం లేదమ్మా ఆడ," అంది.

*

బుధవారం పాఠం మొదటిసారి సరిగ్గా నలభై అయిదు నిమిషాల్లో ముగిసింది. ఇరవై మూడు పటాలనూ గోడకు వరసగా అంటించి, నడుమ నాలుగు చార్టులు అతికించి పెద్ద పటం ఒకటి అందరిచేతా గీయించింది. చిన్నవాళ్లు ఇళ్లు గీశారు. నాలుగో తరగతి పేర్లు రాసింది. అయిదో తరగతి ఇంటికి వెళ్లి పెద్దవాళ్లనడిగి తెచ్చిన అడుగుల లెక్కతో సందుల పొడవు సరిచేసింది. ఎవరూ ఖాళీగా కూర్చోలేదు. గంట కొట్టినప్పుడు సుప్రజ చేతిలో సుద్దముక్క కూడా లేదు. అయిదు వారాల అలసట దిగిపోయినట్టయింది. ఆ ఖాళీ చోటు మాత్రం పెద్ద పటంలో అరచేయంత అయింది.

నారాయణ సారు గదిలోకి వచ్చి, "శానా బాగుండాది," అన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని పటం పొడుగునా నడిచాడు. చర్చి సందు దగ్గర ఆగి, కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. తిరిగి పెట్టుకోలేదు.

"కాలనీ గీయిద్దువు గదమ్మా. ఈ పాత ఊరు ఎందుకు? శనివారం తల్లిదండ్రుల కమిటీ మీటింగు ఉండాది. చైర్మను ఓబుళేశు వస్తాడు. ఆ లోపల ఇవి తీసెయ్."

"ఎందుకు సార్?"

"కొత్తగా వచ్చినావు. నీ పని నువ్వు చేసుకుంటే సాలు," అన్నాడు మెల్లగానే.

గురువారం పొద్దున సుప్రజ గది తాళం తీసేసరికి పిల్లలు వెనకే వచ్చారు. లోపల అడుగుపెట్టి అందరూ ఒక్కచోట ఆగిపోయారు.

ప్రతి పటంలోనూ, ఆ తెల్లటి చోట నల్లటి వేలిముద్ర ఉంది. ఇరవై మూడు కాగితాల మీదా ఇరవై మూడు. అన్నీ ఒకే వేలు. నడుమ పెద్ద పటంలో ఖాళీ పెద్దది కాబట్టి అక్కడ మూడు ముద్రలు, పక్కపక్కన. ఒక్కటీ గీత దాటలేదు. ఒక్కటీ చెదరలేదు. కిటికీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

పిల్లలు గోడకు వీపు చేసి కూర్చున్నారు. రోజూ అటు తిరిగి కూర్చునేవాళ్లు, ఎవరూ చెప్పకుండానే ఇటు తిరిగారు.

"చేతులు చాపండి," అంది సుప్రజ. నలభై ఆరు చేతులు చాపారు. సుద్ద, మట్టి, ఒక చేతికి గోరింటాకు. నలుపు లేదు. ఆమె గోడ దగ్గరకు వెళ్లి ఒక ముద్రను వాసన చూసింది. పొగ వాసన. కుండ అడుగున పట్టే మసి.

గదికి తాళంచెవులు రెండు. ఒకటి నారాయణ సారు బల్ల మీద ఉంటుంది, సుప్రజ తీసుకునేది అదే. రెండోది, బియ్యం బస్తాలు ఈ గది మూలనే ఉంటాయి కాబట్టి, జీవమ్మ దగ్గర.

వంటగదిలో జీవమ్మ పప్పు ఎనుపుతోంది. సుప్రజ ఇన్నాళ్లలో ఎప్పుడూ గడప దాటి లోపలికి రాలేదు. ఇప్పుడు చూసింది. పొయ్యికి దూరంగా మూలన చుట్టిన పరుపు, చిన్న రేకుపెట్టె, దాని మీద ప్లాస్టిక్ కవరులో చుట్టిన బైబిలు, అద్దం, దువ్వెన.

"ఇక్కడే ఉంటావా జీవమ్మా?"

"ఆరేండ్లాయ." జీవమ్మ పప్పుగుత్తి ఆపలేదు. "సారు ఉండమన్యాడు."

"నీ ఇల్లు?"

పప్పుగుత్తి ఆగింది. జీవమ్మ కుడిచేయి ఎత్తి బొటనవేలు చూసుకుంది. కడిగినా గీతల్లో మసి మిగిలే ఉంది.

"తప్పు చేసినా టీచరమ్మా. పిల్లోళ్ల కాయితాలు పాడుచేసినా. అట్ల వరసగా కనపడ్తాంటే చెయ్యి నిలబల్యా."

"పాడు కాలేదు. చెప్పు."

చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ మాటలు ఆమెలో ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నట్టున్నాయి.

"మూడంకణాల ఇల్లు, దూలానికీ దూలానికీ నడుమ మూడు అరలు. మా మామ ఓబుళేశు నాయన కాడ జీతానికి ఉండె. కట్టుకోపో అని ఆ పెద్దాయన నోటిమాటతో ఇచ్చిన చోటు. కాయితం లేదు. మా ఆయన ఆడనే పుట్టె, ఆడనే పాయ. మునకకు ఇండ్ల లెక్క రాసుకోను ఆఫీసరోళ్లు వచ్చినారు. ఓబుళేశు ఎంబడే తిరిగినాడు. మా సందులోకి వచ్చి, ఆ చోటు దుడ్డు తనకే రావాలని, ఇది నా దొడ్డే సార్, ఇల్లు కాదన్యాడు. ఆ సారు మంచోడే, ఊరికే రాసుకోల్యా. సందులో ఉండే వాళ్లందర్నీ పిలిచి అడిగినాడు, ఈడ ఇల్లు ఉండాదా అని."

"ఏమన్నారు?"

"లేదన్యారు." జీవమ్మ గడప వైపు చూసింది. "నేను గడపలోనే నిలబడుకోనుండా. పొయ్యిమింద ఎసరు తెర్లుతాంది. నన్ను సూసుకుంటానే చెప్పినారు టీచరమ్మా, ఈడ ఇల్లు లేదు సార్ అని. సంతోషమ్మ చెప్పె. ఆదివారం ఆయమ్మా నేనూ ఒకే చాప మింద కూచొని పాటలు పాడేటోళ్లం. ఒకరెనక ఒకరు చెప్తాంటే నాకే అనుమానం వచ్చె. ఎనక్కి తిరిగి సూసినా, ఇల్లు ఉండాదో లేదో అని."

*

శుక్రవారం పొద్దున సుప్రజ బస్సు దిగేసరికి సంతోషమ్మ బడి గేటు దగ్గర ఉంది. మనవరాలు ఇంట్లో చెప్పినట్టుంది.

"ఏలిముద్రలంట గదా," అంది, గేటు ఊచలు పట్టుకుని.

"అవును అవ్వా."

"మా ఇండ్ల జాబితా ఓబుళేశు చేతిలో ఉండె టీచరమ్మా. ఎవురి పేరు ఎక్కాలన్యా ఆయప్ప పక్కన నిలబడాల. నా కొడుక్కు వేరే ఇల్లు రాపిచ్చుకోవాలని..." ఆమె ఊచ మీది తుప్పు గోటితో గీకింది. "ఒకసారి లేదన్నాక, మళ్ల ఉండాదని యాడ చెప్తాం? పిల్లోళ్లకు చెప్పేటప్పుడు ఆడికొస్తే నోరు పడిపోతాది. అదే నేర్చుకున్యారు ఈళ్లు."

లోపలికి రమ్మంటే రాలేదు. వంటగదిలోంచి పొగ లేస్తుంటే అటు చూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు సాయంత్రం నారాయణ సారు మళ్లీ అడిగాడు. "తీసేసినావా అమ్మా?"

పాఠ్యప్రణాళిక పుస్తకం సుప్రజ చేతిలోనే ఉంది. ఆ పాఠానికి 'ఆశించే ఫలితం' అన్నచోట శిక్షణలో నేర్పినట్టే రాసుకుంది: పిల్లలు తమ ఊరి పటాన్ని పూర్తిగా గీయగలరు. ఆ వాక్యాన్ని ఆమె రెండుసార్లు చదివింది. ఇది ప్రొబేషను కాలం. చైర్మను ఒక కాగితం రాస్తే ఏమవుతుందో తెలియనిది కాదు. ఇంట్లో తండ్రికి చెబితే, సారు చెప్పినట్టు నడుచుకో అంటాడనీ తెలుసు.

"ఇంకా పాఠం ముగియలేదు సార్," అంది.

నారాయణ సారు బల్ల సొరుగు తెరిచి, అందులో ఏమీ తీయకుండా మళ్లీ మూశాడు.

*

శనివారం పదకొండు గంటలకు కమిటీవాళ్లూ తల్లిదండ్రులూ కలిసి నలభై మంది దాకా వచ్చారు. నీళ్ల మీదినుంచి గాలి గట్టిగా వీస్తోంది. గోడ మీది కాగితాలు లేచి పడుతున్నాయి. కుర్చీలు వేసి ఉన్నా ఎవరూ కూర్చోలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే గోడ దగ్గరికి పోయారు.

ముసలివాళ్లు వేలుతో వెతుక్కున్నారు. గానుగ దగ్గర మొదలుపెట్టి, వేలు సందులవెంట నడిపించి, తమ ఇల్లు తగలగానే అక్కడ నిలిపి ఉంచారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఒకామె తన ఇంటి మీద అరచేయి పెట్టి కళ్లు మూసుకుంది. చర్చి సందులోకి వచ్చిన వేళ్లు మాత్రం నల్లముద్రల దాకా వచ్చి, కాగితం మీదినుంచి లేచి, దొడ్డి మీద దిగుతున్నాయి. అందరివీ అంతే. సుప్రజ గది మూలన నిలబడి ఒక్కో వేలునూ చూస్తోంది.

ఓబుళేశు ఆలస్యంగా వచ్చాడు. డెబ్బై దగ్గరపడిన మనిషి, తెల్లచొక్కా, మెడలో కండువా. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. పెద్ద పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆయన చూపు మూడు ముద్రల మీద ఆగిందో లేదో ఎవరికీ తెలియలేదు. నారాయణ సారు తీర్మానాల పుస్తకం సుప్రజ చేతికిచ్చి, "మీటింగులో జరిగేది రాసుకో అమ్మా," అని, కూర్చుందాం రమ్మని చైర్మన్ను పిలిచాడు. ఆయన కదలలేదు.

దొడ్డిలో రెండెద్దులు గీసి ఉన్నాయి. ఒకదాని కొమ్ము వంకర.

"ఈ కొమ్ము ఎవురు గీసినారు?" అన్నాడు.

"నేనే తాతా," అంది ఆరాధన ముందుకొచ్చి. పెద్దలను అడిగి మిగిలినవి పూర్తిచెయ్యమని సుప్రజ ఆ పొద్దున పిల్లలకు పెన్సిళ్లు ఇచ్చింది. "కుడి పక్క కట్టే ఎలపటెద్దుకు కొమ్ము వంకర అని మా జేజి చెప్పె."

ఓబుళేశు ముఖం మారింది. ఆ గదిలోకి వచ్చినప్పటి మనిషి కాడు. "దాని పేరు మైలారి," అన్నాడు. "అట్లాంటి ఎద్దు ఈ తట్టు యాడా లేదు. నీళ్లు తాగితే తొట్టి సగం ఖాళీ." వేలుతో కాగితం మీద వెతికాడు. "తొట్టి ఏదీ?"

"ఇదిగో తాతా." ఆరాధన దొడ్డి నడిమధ్యలో గీసిన నాలుగుపలకల డబ్బా చూపించింది.

"ఈడ కాదు పాపా. నడుమ పెడితే బండి యాడ తిరుగుతాది?" ఆయన పెన్సిలు ఇమ్మని చేయి చాపాడు. ఆ పిల్ల ఇచ్చింది. "తొట్టి ఈ పక్క. జీవమ్మోళ్ల గోడకు ఆనిచ్చి గదా కట్టిచ్చింది. వాళ్ల గోడ గట్టిదని."

పెన్సిలు ముక్కు కాగితానికి తగిలి ఆగిపోయింది.

గదిలో కాగితాల రెపరెప ఒక్కటే వినబడుతోంది. నలభై మందీ ఆయన చేతినే చూస్తున్నారు. గడపలో జీవమ్మ నిలబడి ఉంది, భోజనాలకు పిలవడానికి వచ్చి. ఓబుళేశు ఆమెను చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"తొట్టి సంగతి అంటి గానీ..." అన్నాడు. పెన్సిలు బల్ల మీద పెట్టాడు. అది దొర్లి కింద పడింది. వంగి తీసినవాళ్లు లేరు. కండువా సర్దుకుని, జనం మధ్యనుంచి బయటికి నడిచాడు. ఈసారి దారి ఎవరూ ఇవ్వలేదు. ఆయనే భుజాలు ఒదుక్కుంటూ పోయాడు.

ఆరాధనే పెన్సిలు తీసుకుంది. ఆ పిల్లకు గదిలో ఏం జరిగిందో పట్టలేదు, పటం పట్టింది. "గోడ యాడ నుంచి యాడికి మేడమ్?" అని సుప్రజను అడిగింది.

"నాకు తెలీదు ఆరాధనా. నేను ఆ ఊళ్లో లేను. తెలిసినవాళ్లను అడుగు."

ఆ పిల్ల పెద్దవాళ్లవైపు తిరిగింది. ఎవరి ముఖం చూస్తే వాళ్లు తల దించుకున్నారు. సంతోషమ్మ వంతు వచ్చింది. ఆమె గొంతు సవరించుకుంది, రెండుసార్లు.

"మా గోడ అయిపోతానే సందు. సందు దాటితే ఆయమ్మ గోడ," అంది. "గడప ఉత్తరం పక్కకు."

"తూర్పు," అంది జీవమ్మ గడపలోంచి.

"తూర్పే, తూర్పే," అని వెనకనుంచి ఇంకెవరో అన్నారు. "ముందర మునగచెట్టు ఉండె గదా, ఎండ తగలకుండా." చెట్టు కాదు, బండ అన్నారొకరు. బట్టలుతికే బండ చెట్టు కిందే ఉండేదని ఇంకొకరు. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆరాధన పెన్సిలు వాటి వెంట పరుగెత్తింది. పిల్లలందరూ మెడలు చాచి ఆ కొత్త గీతలను చూస్తున్నారు, తమ వీధిలో రాత్రికి రాత్రి ఇల్లు లేచినట్టు. జీవమ్మ మాత్రం గడప దాటి లోపలికి రాలేదు.

సుప్రజ తీర్మానాల పుస్తకం తెరిచి, తేదీ వేసి, ఏం రాయాలో తెలియక ఆగింది. నారాయణ సారు పక్కకు వచ్చాడు.

"చైర్మన్ లేడు గదా సార్. మీటింగు జరగలేదని రాయనా?"

ఆయన ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు. "ఆ పొద్దు పంచనామా రాసింది నేనేనమ్మా. బడిలో ఉంటే పిలిపించినారు, దస్తూరి బాగుంటాదని. 'సదరు స్థలమునందు ఇల్లు ఏదియు లేదు' అని నా చేత్తో రాసినా. ఆయమ్మ ఎదురుగ్గానే ఉండె. నీళ్లు తాగుతారా సారూ అని అడిగింది కూడా." చేయి చాపాడు. "ఇట్లీ. నువ్వు పిల్లోళ్ల పని చూసుకో."

పుస్తకం తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. పెన్ను మూత తీశాడు. గదిలో మాటలు తగ్గాయి.

"జీవమ్మా, ఎన్ని అంకణాలు?"

"మూడు సార్."

"గోడ?"

"రాతిగోడ. మట్టితో కట్టింది."

ఆయన రాసుకున్నాడు. అక్షరాలు గుండ్రంగా, వరస తప్పకుండా వచ్చాయి. తొట్టి ఎవరు ఎక్కడ కట్టించారో, ఆ మాట ఈరోజు ఎవరు అన్నారో, అన్న మాట అన్నట్టే రాశాడు. దీన్ని ఒక నకలు తీసి పై ఆఫీసుకు పంపాలని కూడా రాశాడు. దానివల్ల జీవమ్మకు ఇల్లు వస్తుందని ఆయన అనలేదు. ఆమె అడగలేదు. రిటైరయ్యేలోపు తనకేమవుతుందో ఆయనకు తెలుసని మాత్రం సుప్రజకు అర్థమైంది.

పేజీ చివర ఒక గీత గీసి, దాని కింద 'సాక్షులు' అని రాశాడు. తలెత్తి చూశాడు. సంతోషమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వస్తోంది. ఆమె వచ్చేదాకా ఆయన ఆగలేదు. పెన్ను మళ్లీ కాగితం మీద పెట్టి, మొదటి పేరు తనదే రాసుకున్నాడు.